ఒకే చేతి రెండు కండెలు

మొన్న దీపావళి ముందు ఇల్లు దులుపుతూ మా కోడలు నా రేకు సందుకను వాకిట్లోకి ఈడ్చింది. మూత తీయగానే తుప్పు వాసన, డాంబరు గోలీల వాసన, వాటి అడుగున ఇన్నేళ్లయినా చావని పులిసిన గంజి వాసన ఒక్కసారిగా మొహాన కొట్టాయి. "ఏముంది అత్తమ్మా ఇండ్ల, అన్ని చిరుగు బట్టలే, భంగార్‌వాలాకు ఇచ్చేద్దునా?" అని ఆమె అడుగుతుండగానే నా చెయ్యి సందుక అడుగుకు పోయి, పాత రవికె ముక్కలో చుట్టి ఉన్న వేలెడంత వస్తువును పట్టుకుంది. అది కండె. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి సన్నటి పుల్లకు నూలు చుడతారు చూడండి, అది. రంగు నాకు కనిపించలేదు, పొరలు వచ్చిన కళ్లకు ఆకుపచ్చా నలుపూ ఒక్కటే. కనిపించవలసిన పని కూడా లేదు. బొటనవేలు దాని మీద ఒక్కసారి నడిపేసరికి బిగించి చుట్టిన ఆ నడుమూ, ఎక్కడా ముడి తగలని ఆ నూలూ, కొసను లోపలికి దోపిన ఆ చిన్న గుంటా అన్నీ తెలిసిపోయాయి. మా నర్సవ్వత్త చెయ్యి. అరవై ఏళ్లు దాటినా మరచిపోలేదు, పాడు వేళ్లు.

ఈ నీలం నగర్ గల్లీలో నాకొక పేరుంది. "ముసలవ్వ నోట్లె నువ్వుగింజ నానది" అని ఆడవాళ్లు నా ముందే నవ్వుకుంటారు. నిజమే, నానదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు రంగుల టీవీ హప్తా కట్టలేదని దుకాణం మనిషి గుమ్మంలో కూర్చున్నాడో, నాకు తెలిసిన గంటలో గల్లీ చివరి దాకా తెలుస్తుంది. చాడీల ముసలిది అనుకుంటారు, అనుకోనీ. నేను పుట్టుకతో ఇలాంటిదాన్ని కాను. పదేళ్ల వయసులో నా అంత గుట్టు గల పిల్ల భవాని పేట్ మొత్తంలో లేదు. ఆ గుట్టు సంగతే చెప్పాలి.

భవాని పేట్‌లో మా వాడ అంటే నడుమ రాళ్లు పరచిన ఒక వాకిలి, మూడు దిక్కులా కలిపి పన్నెండు గదులు, ప్రతి గదిలో నేలలోకి తవ్విన గుంట, గుంటలో కాళ్లు పెట్టుకొని మగ్గం ముందు కూర్చున్న ఒక మగమనిషి, ఆయన వెనక రాట్నం తిప్పుతూ ఒక ఆడమనిషి. అందరమూ కరువుకు తట్టుకోలేక కరీంనగరం దిక్కు నుంచి ఈ మరాఠీ గడ్డకు వచ్చిన వాళ్లమే. ఇంట్లో తెలుగు, నల్లా దగ్గర మరాఠీ, సావుకారి ముందు మాత్రం రెండూ కలిసి నడుం వంచుకున్న ఇంకో భాష. మిల్లు భోంగా కూయగానే లేచేవాళ్లం. ఎండాకాలం పొద్దున్నే గల్లీ ఈ మొదలు నుంచి ఆ చివరి దాకా పడుగు సాగదీసి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు కుంచెలు పట్టుకొని గంజి పెడుతుంటే, పిల్లలం పడుగు కింద నుంచి వంగి వంగి పరుగెత్తి తలల మీద గంజి చుక్కలు పడేసుకునేవాళ్లం, అవి ఎండకు ఎండి జుట్టు అట్టలు కట్టేది, నాయనమ్మ ఆ అట్టలను విడదీస్తూ ప్రతి వెంట్రుకకూ ఒక తిట్టు తిట్టేది. వానాకాలం నూలు చెమ్మగిల్లి మగ్గం మొరాయించేది, చలికాలం పొడిబారి పుటుక్కున తెగేది, ఏ కాలంలోనైనా మగవాళ్లు ఆకాశాన్ని తిట్టడం మాత్రం తప్పేది కాదు. మధ్యాహ్నం ఎండు జొన్నరొట్టె, శేంగచట్నీ, ఒక ఉల్లిగడ్డ. ఆ రొట్టె విరిచే చప్పుడు పన్నెండు గదుల్లోనూ ఒకేసారి వినిపించేది.

అమావాస్య ఒక్కటే మగ్గాలకు సెలవు. ఆ రోజు మగవాళ్లు నిండా తలంటు పోసుకొని, బుగ్గన పాన్ పెట్టుకొని బయటపడేవాళ్లు. పెద్ద రోడ్డు మీద చాయ్ హోటల్లో కొత్తగా పాటల పెట్టె పెట్టారు, ఒక కప్పు చాయ్ కొంటే ఎంతసేపైనా వినొచ్చు, కాని ఒక కప్పుతో లేచివచ్చినవాణ్ని నేను చూడలేదు. ఆ పక్కనే బయస్కోప్. ఆడవాళ్ల దగ్గరికైతే దుకాణమే నడిచి వచ్చేది, గాజులమ్మి, అత్తరు బుడ్డీలవాడు, వారానికి ఇంత చొప్పున హప్తాల మీద రవికె గుడ్డలిచ్చే మార్వాడీ మనిషి. నేసే చీరలు సావుకారివి, కట్టే చీరలు హప్తావి. మా నాయనమ్మ గోడకు చేరగిలబడి, పళ్లకు నల్లటి పొగాకు మిశ్రీ రుద్దుకుంటూ, "ఆమ్దనీ అఠన్నీ, ఖర్చా రుపయ్యా! ఎనిమిదణాలొస్తె రూపాయి ఖర్చు పెడ్తరు, చాయ్ నీళ్లకు మగ్గాలు అమ్ముకుంటర్రా మీరు" అని వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ దీవించేది. ఆ మిశ్రీ కూడా డబ్బు పెట్టి కొన్నదే అని ఎవరూ అనేవాళ్లు కాదు, అనే ధైర్యం లేక.

మగవాళ్లు చాయ్ హోటలుకు పోయిన ఆ అమావాస్య మధ్యాహ్నమే ఆడవాళ్లు భిశీ ఎత్తేవాళ్లు. పన్నెండు గదుల ఆడవాళ్లు నెలకొక రూపాయి వేస్తారు, నెలకొకరికి పన్నెండూ అందుతాయి, ఒకసారి అందుకున్నవాళ్లు మళ్లీ అందుకోకూడదు కాని రూపాయి మాత్రం కడుతూ ఉండాలి. డబ్బు దాచే బాధ్యత ఎల్లవ్వ పెద్దమ్మది, వాడలో అందరికన్నా పెద్దది, గొంతూ పెద్దదే. ఎవరి వంతు అని తేల్చడానికి చీటీలు రాద్దామంటే అక్షరం వచ్చిన ఆడది ఒక్కర్తీ లేదు. అందుకని కండెలు వేసేవాళ్లు. ఇంకా వంతు రానివాళ్లు తలా ఒక కండె, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు నూలుతో అప్పటికప్పుడు చుట్టి తెచ్చి ఎల్లవ్వ పెద్దమ్మ కుండలో వేయాలి, కళ్లకు తువ్వాల కట్టిన ఆడపిల్ల చెయ్యి పెట్టి ఒకటి తీయాలి, ఏ రంగు వస్తే వాళ్ల వంతు. మరునాడు ఆ కండెలన్నీ మళ్లీ మగ్గాలకే, ఎందుకంటే నూలు సావుకారి తూకం వేసి ఇచ్చింది, నెలల తరబడి కుండలో పడేస్తే ఎవరబ్బ సొమ్మని? ఆ ఏడు ఉగాది ముందు అమావాస్యకు భిశీ మొదలైంది. తీసే చెయ్యి నాది. "లచ్చిమి చెయ్యి" అనేవాళ్లు.

ఆ లచ్చిమి ఎంత దొంగదో వాళ్లకు తెలియదు. నాకు కండెలు చుట్టడం నేర్పింది నర్సవ్వత్త. మా పక్క గదే ఆమెది. చంటివాడి ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకొని, ఊపుతూనే రాట్నం తిప్పుతూ, పక్కన నన్ను కూర్చోబెట్టుకొని, "కండ్లు మూస్కొని చుట్టు బిడ్డా, కండ్లు పోయినా పని పోవద్దు. యేలుకు కన్నుంటది" అనేది. అలా మూసుకొని చుట్టి చుట్టి, నా వేళ్లకు నిజంగానే కళ్లు వచ్చాయి. ఒక్కో ఆడదాని కండె ఒక్కో తీరు. మా అమ్మది వదులు, నడుమ పొట్ట వేసుకొని ఉంటుంది. ఎల్లవ్వ పెద్దమ్మది పొడుగునా ముళ్లే. నర్సవ్వత్తది ఇందాక చెప్పానే, అలా. నూలు తెగితే ఆమె ముడి వేసేది కాదు, రెండు కొసలనూ ఉమ్మి తడితో మెలిపెట్టి కలిపేసేది, అతుకు ఎక్కడో ఆమె మొగుడు రాజయ్య మామకే తెలిసేది కాదు. కుండలో చెయ్యి పెట్టిన రెండో నెలకే నాకు అర్థమైంది, కళ్లకు తువ్వాల కడుతున్నారు గాని వేళ్లకు కట్టలేదని. శ్రావణంలో నాకు బెల్లం చిక్కీ పెట్టినామె కండె తీశాను. ఇంకోసారి నన్ను తిట్టినామె కండెను కావాలని వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పానుగా, అప్పుడు గుట్టు గల పిల్లను.

ఇక మా ఇంట్లో ఆ పన్నెండు రూపాయలను మేం ముప్పై సార్లు ఖర్చు పెట్టాం. నాయినకు గొడుగు, నాయనమ్మకు పండరిపూర్ ప్రయాణం, అమ్మకు కిరాణా బాకీ, నాకు వెండి పట్టీలు. రోజూ రొట్టె తింటూ ఒకరి రూపాయలను ఒకరం లాక్కునేవాళ్లం. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నాయనమ్మ కసురుకునేది, కసురుకుంటూనే పండరిపూర్‌కు రైలు చార్జి ఎంతో అడిగేది. నా పట్టీలు పెద్ద రోడ్డు మీద కంసాలి దుకాణంలో గాజు పెట్టెలో ఉండేవి, సన్నటి గొలుసు, గొలుసుకు ఆవగింజంత మువ్వలు, జత మూడున్నర. నల్లాకు పోయినా, నూనెకు పోయినా చుట్టు తిరిగి ఆ దుకాణం ముందు నుంచే పోయేదాన్ని. "భిశీ లేస్తె కొనిస్త" అని అమ్మ మాట ఇచ్చింది. అమ్మ మాట ఇచ్చి తప్పే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

ఆ ఏడు చీరలకు గిరాకీ పడిపోయింది. దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం, వాకిట్లో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే, నర్సవ్వత్త దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమె రాట్నం ఆపింది. ఆమె రాట్నం ఆపడం నేను అంతకుముందు చూడలేదు. పెళ్లికోసమని రాజయ్య మామ తీసుకున్న బాకీ సావుకారి దగ్గర ఇంకా నలభై ఉన్నదట. సావుకారి మగ్గాలు తగ్గిస్తున్నాడట. దీపావళి పాడ్యమికి కొత్త చోపడీ, అదే లెక్కల పుస్తకం, తెరిచేలోగా నలభై మొత్తం కట్టాలి, లేకపోతే ఆ బాకీని మాలేగావ్‌లో ఒక కార్ఖానాదారుకు అమ్మేస్తాడు. మా నేతవాళ్లలో బాకీ ఒక్కటే అమ్ముడుపోదు. దాన్ని కొన్నవాడి దగ్గరికి మనిషి పోవాలి, పెళ్లాంబిడ్డలతో.

"ఇరవై ఎనిమిది కూడబెట్టిన బిడ్డా, జొన్నల కుండల దాచిన. పన్నెండు తక్కువున్నయ్. ఈ అమాసకు నా కండె లేస్తె బాకీ తీరుతది. తీరితె మీ నాయిన మగ్గం పక్కన ఖాళీ గుంట ఉన్నది గద, అండ్ల మా ఆయన సొంతానికి నేస్తడు. మేము ఈన్నే ఉంటం."

"ఎల్లవ్వ పెద్దమ్మకు చెప్పరాదా అత్తా, ఇస్తది" అన్నాను.

"ఇస్తది. ఇచ్చినంక వాడంత నన్ను చూసే చూపు మారుతది. పోయినేడు జెర్రంత నూనె బదులడిగితెనే నెల దినాలు చెప్పుకున్నరు." చంటివాడి ఉయ్యాలను ఒకసారి ఊపి, నా గడ్డం పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. మీ అమ్మకు సుత చెప్పకు. నా ఒట్టు."

నేను తల ఊపాను. నా వేళ్ల సంగతి తెలిసే చెప్పిందా, గుండె బరువు దింపుకోవడానికి ఎవరో ఒకరికి చెప్పిందా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ వేళ్లకు కళ్లు ఇచ్చింది ఆమే కదా. ఏమైనా, నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. పట్టీలు వచ్చే నెలకైనా వస్తాయి. అమావాస్యకు ఆమె కండె తీస్తాను. ఇది మాత్రం అబద్ధం కాదు, ఇన్నేళ్ల తర్వాత మీకు అబద్ధం చెప్పి నాకు వచ్చేదేముంది.

దీపావళి అమావాస్య వచ్చింది. వాడంతా నూనె వాసన, బెల్లం వాసన, మేం గర్జెలనీ మరాఠీ వాళ్లు కరంజీలనీ అనే కజ్జికాయలు ఒకే మూకుడులో వేగుతున్నాయి. రెండు రోజుల ముందు ఆ మూకుడే ఒరిగి మా అమ్మ కుడి చెయ్యి కాలింది, పసుపూ నూనె గుడ్డా కట్టుకొని తిరుగుతోంది. మధ్యాహ్నం ఆడవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. కుండలో అయిదు కండెలు. ఎల్లవ్వ పెద్దమ్మ నా కళ్లకు తువ్వాల బిగించి, "ఊఁ, తియ్యవే లచ్చిమీ" అంది. చెయ్యి పెట్టాను. మొదట తగిలింది ముళ్ల కండె, వదిలేశాను. తర్వాతది బిగించిన నడుము, నున్నటి నూలు, కొసన చిన్న గుంట. దొరికింది అనుకున్నాను. అంతలో దాని పక్కనే ఇంకొకటి తగిలింది. అదే నడుము, అదే నూలు, అదే గుంట. వేళ్లు ఆగిపోయాయి. ఒకే చేతి కండెలు రెండు ఎలా ఉంటాయి? "ఏందే, కుండల నిద్ర పోతున్నవా?" అని ఎవరో నవ్వారు. కంగారులో మొదట పట్టుకున్నదాన్నే పైకి లాగాను.

తువ్వాల విప్పేసరికి నా చేతిలో ఎర్ర కండె. ఎరుపు మా అమ్మది. నర్సవ్వత్తది ఆకుపచ్చ.

అమ్మ కాలిన చెయ్యి పైకెత్తి, "నర్సవ్వ చుట్టిచ్చిన కండెనే ఇది! నా చెయ్యి పనికిరాకపాయె, పొద్దుగాల ఆమెనే చుట్టిచ్చింది. ఎంత చల్లటి చెయ్యి వదినె నీది!" అని ఆమెను పట్టుకొని ఊపేసింది. నర్సవ్వత్త నవ్వింది. ఆమె మొహం చూశాను. కుండలో మిగిలిన తన కండెను తీసుకొని, కొంగుకు తుడిచి, నడుముకు దోపుకొని, చంటివాడు ఏడుస్తున్నాడని లోపలికి పోయింది. వాడు ఏడవడం లేదు.

తప్పు నా వేళ్లది, ఒప్పుకుంటాను, దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. కాని ఆ తర్వాత సాయంత్రం దాకా నాలుగు గంటల పొద్దు ఉన్నది చూశారూ, ఆ పొద్దును ఏం చేయను? పన్నెండు రూపాయలూ మా అమ్మ కొంగున ఉన్నాయి. అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. "అమ్మా, నర్సవ్వత్తోళ్లు పోతరట" అని ఒక్క మాట అంటే చాలు. అమ్మ ఇచ్చేది. ఇచ్చేదేమో అని కాదు, కచ్చితంగా ఇచ్చేది, అది నాకు ఆ రోజే తెలుసు. తెలుసు గనుకనే చెప్పలేదు. ఒట్టు పెట్టింది కదా, చెబితే ఆమెకు ఏమైనా అవుతుంది అని నాకు నేనే చెప్పుకుంటూ, మొహం కడుక్కొని, తల దువ్వుకొని, అమ్మతో బజారుకు బయలుదేరాను.

గడప దాటేసరికి నర్సవ్వత్త తన గుమ్మంలో ప్రమిదలు పెడుతోంది. "బజారుకా వదినె?" అంది. "అవునే, నీకేమన్న తేవాల్నా?" అంది అమ్మ. "ఏం వద్దు." అలా అంటూ ఆమె నా వైపు చూసింది. అడుగుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టూ కాదు, ఊరికే చూసింది. నేను అమ్మ కొంగు పట్టుకొని లాగాను. దారిలో కిరాణా దుకాణం దగ్గర అమ్మ ఆగి, "బాకీ కట్టినంక మిగిలితె చూద్దమా, పట్టీలు మల్ల కొందమా?" అని కూడా అడిగింది, దేవుడు నాకు ఇంకో వాయిదా ఇచ్చాడు. "ఇయ్యాల్నే!" అని ఏడుపు మొదలుపెట్టాను. ఆ ఏడుపు పట్టీల కోసమే. బజారంతా దీపాలు, బంతిపూలు, టపాకాయల మందు వాసన, కంసాలి నా కాలు తన మోకాలి మీద పెట్టుకొని పట్టీలు బిగించాడు. కిరాణాకు నాలుగు, నాయిన గొడుగుకు రెండు, నాకు మూడున్నర. మిగిలిన రెండున్నర అమ్మ ముడి వేసుకుంది.

పాడ్యమి మరునాడు, భావుబీజ్ పండుగ పొద్దున వాడ ముందు టాంగా ఆగింది. దాంట్లోంచి మాలేగావ్ మనిషి దిగాడు, నల్ల టోపీ, చేతిలో రాసి పెట్టుకున్న కాగితం. రాజయ్య మామ గంపా చాపా తెచ్చి టాంగాలో పెట్టి, దగ్గుతూ గుర్రం పక్కన నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది వాడకు. ఎల్లవ్వ పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గదిగదికీ పరుగెత్తి, నర్సవ్వత్త భిశీలో కట్టిన డబ్బు పోగుచేసింది. మా అమ్మ ఉన్న రెండున్నరా తెచ్చి ఆమె చేతిలో కుక్కింది. మాలేగావ్ మనిషి "ఆతా కాయ్ ఉపయోగ్? కాగద్ ఝాలా" అన్నాడు. కాగితం అయిపోయిందట, ఇప్పుడేం లాభం అని.

"పన్నెండు రూపాయల కోసమానే? నా కొంగుల్నే ఉండె గద! నాకొక్క మాట చెప్పకపోతివి గదనే నర్సవ్వా!" అని అమ్మ గుండె బాదుకుంది.

"నీది పండుగ పూట ఇల్లు వదినె. ఎట్ల చెప్పుదు?" అంది నర్సవ్వత్త.

నేను గోడకు అతుక్కొని నిలబడ్డాను. కదిలితే పట్టీలు మోగుతాయని కదలడం లేదు. ఆమె నా దగ్గరికి వచ్చింది. వాడంతటి ముందు "ఈ పిల్లకు తెలుసు" అని ఒక్క మాట అంటే అక్కడే నేలలోకి పోయేదాన్ని. అనలేదు. వంగి నా కాళ్ల వైపు చూసి, "మంచిగున్నయ్ పట్టీలు" అంది. నడుముకు దోపుకున్న ఆకుపచ్చ కండె తీసి నా గుప్పిట్లో పెట్టింది. "నా చెయ్యి ఇది, చూస్కుంట చుట్టు." తర్వాత నా చెవి దగ్గర, ఎవరికీ వినపడకుండా, "ఎవ్వరికి చెప్పలే గద? మంచి పిల్లవు" అంది.

టాంగా పోయింది.

కొన్నేళ్ల తర్వాత మాలేగావ్ నుంచి వచ్చిన ఒకాయన్ని నాయిన అడిగాడు. రాజయ్య దగ్గి దగ్గి పోయాడని, ఆయన బాకీ ఇంకా తీరలేదని, దాన్ని భివండీ వాళ్లెవరో కొన్నారని, పెళ్లాన్నీ పిల్లవాణ్నీ అటు తీసుకుపోయారని చెప్పాడు. అంతకు మించి జాడ లేదు. నా పట్టీలు మరుసటి వానాకాలం నాయినకు జ్వరం వస్తే కుదువకు పోయాయి, వడ్డీ పెరిగి అక్కడే ఉండిపోయాయి. అమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఆ మువ్వల చప్పుడు పోయినందుకు ప్రాణం హాయిగా ఉండింది. కాని ఒక చప్పుడు పోతే ఇంకొకటి పట్టుకుంది. నాయిన మగ్గం పక్కన ఆ ఖాళీ గుంటను అమ్మ ఎవరికీ కిరాయికి ఇవ్వనీయలేదు, "నర్సవ్వోళ్లు మల్ల వస్తరేమో" అని. అమావాస్య మధ్యాహ్నం పేట్ మొత్తంలో మగ్గాలన్నీ ఆగి, కాకి అరిచినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఆ గుంటలోంచి ఒక్క మగ్గం ఆడేది. టకటక, టకటక, నడుమ దగ్గు. నేను రొట్టె నమలడం ఆపి వినేదాన్ని. "ఏం ఇంటున్నవే పోరీ?" అనేది నాయనమ్మ. "ఏం లేదు" అనేదాన్ని. కుండలో చెయ్యి పెట్టమంటే జ్వరం వచ్చేది నాకు. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. అవి ఘాటు రాలేదు, చూశారా ఎంత దిష్టో అన్నారు.

అమ్మ చనిపోయేదాకా నేను ఆమెకు చెప్పలేదు. చివరి రోజుల్లో కూడా ఆమె "పన్నెండు రూపాయలకు పోయింది పిచ్చిది, ఎవ్వరికి చెప్పక" అని గొణిగేది. నేను పక్కన కూర్చొని కాళ్లు పిసికేదాన్ని.

ఆ వాడ ఇప్పుడు లేదు. అక్కడ మూడంతస్తుల గోదాము లేచింది. వీధిలో పడుగులు సాగదీసి గంజి పెట్టడం చూసినవాళ్లు ఈ గల్లీలో నాతో కలిపి ఇద్దరమో ముగ్గురమో. నీలం నగర్‌లో ఇంటింటా మరమగ్గాలు, ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు, కండెలు మిషన్లే చుడతాయి, అన్నీ ఒకే తీరు. భిశీ మాత్రం పోలేదు. మా కోడలూ ఇరుగుపొరుగు ఆడవాళ్లూ స్టీలు డబ్బాలో పేర్లు రాసిన చీటీలు వేసి ఎత్తుతారు. "పెద్దదానివి అవ్వా, నువ్వు తియ్యరాదు?" అంటారు. చీటీలో వేళ్లకు చదవడానికి ఏమీ ఉండదని తెలుసు. అయినా నేను చెయ్యి పెట్టను.

ఎదురింట్లో బీడీలు చుట్టే సుజాత అని ఒక పిల్ల ఉంది. పోయిన నెల సందె వేళ మా గుమ్మంలో కూర్చొని, ఆకులు కత్తిరిస్తూ కత్తిరిస్తూ కత్తెర ఆపింది. రాట్నం ఆగినట్టు అనిపించి నేను తల ఎత్తాను. మొగుడు ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చాడట, శనివారం లోగా కట్టకపోతే ఇల్లు ఖాళీ చేసి ఊరు విడిచి పోవాలట. "ఎవ్వరికి చెప్పకవ్వా, నీ కాల్మొక్త" అంది. దీపం పెట్టే వేళకు గల్లీలో పద్నాలుగు ఇళ్లు తిరిగాను, కర్ర పట్టుకొని, మోకాళ్లు విరుగుతున్నా. ఒక్క మాట కూడా దాచలేదు, కాస్త ఎక్కువే చెప్పాను. ఆ నెల చీటీలు వేయలేదు, భిశీ డబ్బంతా తీసుకుపోయి ఆమె ఒళ్లో పోశారు. సుజాత సిగ్గుతో చచ్చిపోయింది. మా గుమ్మంలోకి వచ్చి, "నీ నోరు పాడుగాను! నా ఇజ్జత్ తీసినవ్ గదనే ముసలిదానా!" అని నలుగురూ వినేలా అరిచి, ఉమ్మేసి పోయింది. అప్పటి నుంచి నాతో మాట లేదు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది.

కండెను మళ్లీ రవికె ముక్కలో చుట్టి సందుక అడుగున పెట్టించాను. పొద్దున్నే లేచి తలుపు తీస్తాను. ఎదురింటి వాకిట్లో సుజాత చీపురు చప్పుడు వినిపిస్తుంది, నన్ను చూసి విసురుగా ఇంకా గట్టిగా ఊడుస్తుంది. ఊడవనీ. అక్కడే ఉంది.